తోకమీద కన్ను

పిల్లలూ! మీరు సినిమాలు చూస్తారు గదా. హీరో మేడమీదనుంచి దూకుతాడు, మండుతున్న ఇంట్లో చొరబడతాడు. మీరు ఊపిరి బిగబట్టి చూస్తారు. కాని అలా దూకేవాడు చాలాసార్లు హీరో కాడు. అతన్ని "డూప్" అంటారు. హీరో వేసుకున్న బట్టలే అతనూ వేసుకుంటాడు. అదే జుట్టు, అదే మీసం. దూరంనుంచి చూస్తే ఇద్దరికీ తేడా తెలియదు.

అలాంటి డూపులను తయారుచేసిన మనుషుల్లో నేనొకణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా సినిమాల్లో మేకప్ పని చేశాను. హైదరాబాదులో జూబిలీ హిల్స్ పక్కనే ఫిల్మ్‌నగర్ ఉన్నది. మా ఇల్లు అక్కడే. ఒకప్పుడు తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులో తయారయ్యేవి. 1976లో బంజారా హిల్స్‌లో అన్నపూర్ణా స్టూడియో వెలిసింది. తరవాత మరికొన్ని స్టూడియోలు వచ్చాయి. క్రమంగా పరిశ్రమ అంతా ఇక్కడికి తరలింది. దానివెంట నాబోటివాళ్ళం కూడా వచ్చాం.

నాకు పని నేర్పిన గురువుగారు మొదటిరోజునే ఒక మాట చెప్పారు: "ఒరే, మనిషికి రంగు మార్చవచ్చు, జుట్టు మార్చవచ్చు, మీసం అంటించవచ్చు. చెవులు మార్చలేం, దవడ ఎముక మార్చలేం. మనిషిని పోల్చుకోవాలంటే రంగు చూడకు, చెవి చూడు."

ఈ మాట నేను ఎందరో కుర్రవాళ్ళకు చెప్పాను. అటువంటి నేను ఒక చేప విషయంలో ఈ మాట మరిచిపోయాను. దానివల్ల ఒక ప్రాణం పోయింది. ఆ సంగతి మీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది కొల్లేటి పక్కన, కైకలూరు దగ్గిర ఒక పల్లె. నా చిన్నతనంలో బడినుంచి రాగానే గాలాలు పట్టుకుని కాలవగట్ల వెంట పడేవాళ్ళం. మా అందరి గురీ కొరమీనుమీదనే. కొరమీనును మీరు బజారులో చూసే ఉంటారు. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మందుతోపాటు మింగిస్తారే, ఆ చేపపిల్లలు కూడా కొరమీను పిల్లలే. తెలంగాణ రాష్ట్రానికి అదే రాష్ట్రపు చేప.

కొరమీను చిత్రమైన చేప. మిగిలిన చేపలలాగా దానికి మొప్పలున్నాయి. అవి చాలక పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుంది. దాని తలలో మొప్పలకు పైన గాలి నిలవుండటానికి ఒక చిన్న గది ఉన్నది. అందుచేతనే ఇతర చేపలు చచ్చిపోయే బురదనీటిలో కూడా కొరమీను హాయిగా బతుకుతుంది. ఒళ్ళు తడి ఆరకుండా ఉంటే ఒడ్డుమీద కూడా గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది.

దానికి పిల్లలంటే చాలా ప్రేమ. పిల్లలు ఎర్రగా నిప్పురవ్వల గుంపులాగా నీటిపైన తిరుగుతూంటే, తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తూ ఉంటాయి. మేము ఆ ఎర్రగుంపు పక్కనే గాలం వేసేవాళ్ళం. కాపలా చేప కోపంతో వచ్చి ఎరను పట్టుకునేది. అది అన్యాయమని అప్పుడు మాకు తోచలేదు.

కొరమీను కుటుంబంలో మేము మూడు చేపలను ఎరుగుదుం: కొరమీను, దానికన్న చిన్నదైన మట్టగిడస, అన్నిటికన్న పెద్దదైన పూమీను. ఈ పూమీనుకు, ముఖ్యంగా చిన్నవయసులో, తోక మొదట కన్నులాగా ఒక నల్లని చుక్క ఉంటుంది. చుట్టూ నారింజరంగు అంచు. "తోకమీద కన్నుంటే పూమీను" అని మా పల్లెలో పసివాడైనా చెప్పేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. నన్ను ముంచింది ఈ మాటే!

2023 మే నెలలో నేను అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళుండేది వర్జీనియా రాష్ట్రంలో, రిచ్మండ్ నగరం దగ్గిర. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మా మనవడికి అప్పుడు పదేళ్ళు. వాడికి చేపలంటే పిచ్చి. నేను వెళ్ళిన మర్నాడే వాడొక పుస్తకం తెచ్చి బొమ్మ చూపించాడు.

"ఒరే, ఇది మన కొరమీనురా!" అన్నాను, దూరదేశంలో చుట్టాన్ని చూసినట్టు సంతోషపడి.

వాడు తల అడ్డంగా ఆడించి, "కాదు తాతయ్యా. ఇది స్నేక్‌హెడ్. చాలా చెడ్డ చేప. ఇది దొరికితే మళ్ళీ నీళ్ళలో వదలగూడదు," అన్నాడు.

స్నేక్‌హెడ్ అంటే పాముతల చేప. మన కొరమీను కుటుంబానికి ఇంగ్లీషులో అదే పేరు. వాడు చూపించినది ఆ కుటుంబంలోదే, చైనా, కొరియా, రష్యాలలో పుట్టిన జాతి. అది అమెరికాలో విలన్ ఎలా అయిందో మా అల్లుడు చెప్పాడు.

2002లో మేరీలాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో ఈ చేపలు కనబడ్డాయి. ఎక్కడివని అధికారులు విచారించారు. ఒకాయన తన చెల్లెలికి జబ్బుగా ఉంటే, ఈ చేపతో చారు కాచి ఇవ్వాలని రెండు చేపలను ప్రాణంతో తెప్పించాడట. అవి వచ్చేసరికి చెల్లెలు కోలుకున్నది. కొన్నాళ్ళు పెంచి, తరవాత చెరువులో వదిలేశాడు. రెండు చేపలు వందలయ్యాయి. చివరకు అధికారులు చెరువులో మందు పోసి వాటిని చంపవలసి వచ్చింది. 2004లో పోటోమాక్ అనే పెద్ద నదిలో కూడా ఈ జాతి కనిపించింది. అక్కడ మందు పొయ్యటం సాధ్యమా?

ఈ కథ విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. జ్వరం తగ్గి లేచినవాళ్ళకు ఆవిడ కూడా కొరమీను పులుసే పెట్టేది. ఆ అన్నగారు చెడ్డవాడు కాడు. చెల్లెలికి మంచి చెయ్యబోయాడు. తరవాత చేపను చంపటం ఇష్టంలేక వదిలి ఉంటాడు. కాని దానివల్ల ఇంత చేటు జరిగింది.

ఒక ఆదివారంనాడు మేము ముగ్గురం చికహోమినీ అనే సరస్సుకు వెళ్ళాం. అక్కడ చేపలు పట్టాలంటే పెద్దవాళ్ళకు లైసెన్సు ఉండాలి, పిల్లలకు అక్కర్లేదు. మా అల్లుడికి లైసెన్సున్నది. నేను సలహాదారుణ్ణి! ఆ సరస్సు చాలా అందంగా ఉంటుంది. నీళ్ళమధ్యనే సైప్రస్ చెట్లు నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ళ దగ్గిర నీడగా, చల్లగా ఉంటుంది. ఆ నీడలో నాకొక గుంపు కనబడింది. వందలాది చేపపిల్లలు ఒక్కచోట సుళ్ళు తిరుగుతున్నాయి.

నాకు అరవై ఏళ్ళ వయసు ఒక్కసారి తగ్గిపోయింది. "ఆ పక్కనే గాలం వెయ్యరా! కింద తల్లి ఉంటుంది," అన్నాను.

పిల్లలు ఎర్రగా లేవు, నల్లగా ఉన్నాయి. అది నేను చూడకపోలేదు. 'దేశం మారితే రంగు మారదా' అని సరిపెట్టుకున్నాను.

మా మనవడు చేప ముక్క గుచ్చి గాలం వేశాడు. చూస్తూండగానే కర్ర విల్లులాగా వంగింది. తండ్రీ కొడుకూ కలిసి చేపను గట్టుమీదికి లాగారు. రెండడుగుల చేప! పొడుగాటి ఒళ్ళు, వీపు పొడుగునా రెక్క, నోటినిండా పళ్ళు, గుండ్రని తోక. ఆ తోక మొదట నల్లని చుక్క, చుట్టూ పసుపు అంచు.

"తోకమీద కన్ను! ఇంకేం, ఇది ఆ పాముతల జాతిదే! నాకు తెలియదూ?" అన్నాను.

"పుస్తకంలో చూద్దామా, తాతయ్యా?" అన్నాడు మా వాడు.

"కొల్లేట్లో పెరిగినవాడికి పుస్తకమెందుకురా?" అని, దగ్గిరున్న కర్రతో దాని తలమీద ఒక్కటి వేశాను.

కొంతసేపటికి పక్కరేవులో చేపలు పడుతున్న ఒక ముసలాయన మా దగ్గిరికి వచ్చాడు. మా అల్లుడు ఆయనకు చేపను చూపించి స్నేక్‌హెడ్ పట్టామని గర్వంగా చెప్పాడు. ఆయన ఏమీ అనలేదు. మోకాళ్ళమీద కూచుని, చేపను మెల్లిగా వెల్లకిలా తిప్పాడు. తరవాత మా మనవణ్ణి పిలిచి, ఒక్కొక్క గుర్తే చూపించాడు. అవి మీరు కూడా తెలుసుకోండి. చేప రెక్కలను మీ పాఠాల్లో వాజాలంటారు.

మొదటి గుర్తు: తోకకు ముందుగా, కిందివైపున ఉండే రెక్క. కొరమీను కుటుంబంలో ఈ రెక్క చాలా పొడుగు. ఈ చేపకు అది పొట్టిగా, బెత్తెడంత మాత్రమే ఉన్నది.

రెండవ గుర్తు: పొట్టమీది జంట రెక్కలు. కొరమీనుకు అవి ముందుకు జరిగి, మొప్పల పక్కనున్న రెక్కల దగ్గిరలోనే ఉంటాయి. ఈ చేపకు పొట్ట మధ్యలో ఉన్నాయి.

మూడవ గుర్తు: తల. కొరమీను తలమీద పాముకున్నట్టు పెద్ద పొలుసులుంటాయి. ఈ చేప తలమీద పొలుసులే లేవు, నున్నగా ఉన్నది.

నాలుగవ గుర్తు: గడ్డం. ఈ చేపకు కింది దవడల మధ్య పలకలాగా ఒక ఎముక ఉన్నది. కొరమీనుకు అది ఉండదు.

దవడ ఎముక! మా గురువుగారి మాట నా చెవిలో మోగింది. నేను రంగు చూశాను, చుక్క చూశాను. మార్చలేని ఎముకను చూడలేదు.

ఆ చేప పేరు బోఫిన్. అది ఎక్కడినుంచో వచ్చినది కాదు, ఆ నీళ్ళలో పుట్టినదే. దాని వంశం ఎంత పాతదంటే, దాని చుట్టాలు పదిహేనుకోట్ల ఏళ్ళకిందట, రాక్షసిబల్లులు తిరిగే కాలంలోనే ఉన్నాయి. ఆ చుట్టాలలో చాలావరకు రాళ్ళలో ముద్రలుగా మాత్రమే మిగిలాయి. ఉత్తర అమెరికాలో బోఫిన్ ఒక్కటే ఇంకా ఈదుతున్నది. అది కూడా కొరమీనులాగా పైకి వచ్చి గాలి పీలుస్తుంది. కాని దానికి తలలో గది లేదు, ఒంట్లో ఉన్న గాలితిత్తి ఊపిరితిత్తిలాగా పనిచేస్తుంది. చూశారా? ఒకే అవసరం కోసం రెండు వంశాలు రెండు దారులు తొక్కి, చివరకు ఒకే వేషం వేశాయి. ఎక్కడో కలిసి పుట్టిన అన్నదమ్ములు కావు.

శాస్త్రజ్ఞులు కూడా బోఫిన్‌లో ఒక్కటే జాతి ఉన్నదని చాలాకాలం అనుకున్నారు. 2022లో, అవి ఒకదాన్నొకటి పోలిన రెండు జాతులని తేల్చారు. పోలికలు అంత గట్టివి!

"తోకమీద ఈ చుక్క?" అని మా మనవడు అడిగాడు.

"ఇది మగచేప గుర్తు. ఆడచేపకు సరిగా కనబడదు. పిల్లలను కాచేది కూడా మగచేపే," అన్నాడు ముసలాయన.

మా వాడు చెట్టు నీడకేసి చూశాడు. నల్లని గుంపు ఇంకా అక్కడే సుళ్ళు తిరుగుతున్నది. దాని కింద ఇప్పుడు ఎవరూ లేరు. వాడు నాకేసి చూడలేదు. చూస్తే బాగుండేదనిపించింది.

"మా నాన్న కూడా ఒకప్పుడు వీటిని పనికిరాని చేపలని గట్టుమీద పారేసేవాడు. గుర్తు నిశ్చయంగా తెలిస్తేనే చంపాలి. తెలియకపోతే ఫోటో తీసి తెలిసినవాళ్ళను అడగాలి," అని చెప్పి ముసలాయన వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేదారిలో కారులో ఎవరూ మాట్లాడలేదు. మామూలుగా అయితే నేను పులుసు పెట్టమనేవాణ్ణి. ఆ రోజు నాకు నోరు రాలేదు. పెరట్లో గొయ్యి తీసి చేపను పూడ్చాం. అప్పుడు నేను, "తప్పు నాది. నువ్వు పుస్తకం చూద్దామన్నావు. నేను వినలేదు," అన్నాను.

వాడు కొంచెంసేపు ఆలోచించి, "నీకు తెలియదని చెబితే సరిపోయేది తాతయ్యా," అన్నాడు.

పిల్లలూ, పెద్దవాళ్ళకు అన్నిటికన్న కష్టమైన మాట అదే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇది చదువుతూంటే వాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

తరవాతి ఆదివారం మేము మళ్ళీ ఆ చెట్టు దగ్గిరికి వెళ్ళాం. గుంపు కనబడలేదు.

ఆ మరుసటి వేసవి సెలవులకు మా వాడు ఫిల్మ్‌నగర్ వచ్చాడు. స్టూడియోలు చూపించాను. జూబిలీ హిల్స్ పక్కనున్న దుర్గం చెరువు చూపించాను. దానిమీద 2020లో తీగల వంతెన వేశారు. వంతెనమీదినుంచి నీళ్ళలోకి తొంగిచూసి, "ఇందులో ఏ చేపలున్నాయి?" అని అడిగాడు. చేపలు చూద్దువుగాని రమ్మని మర్నాడు బజారుకు తీసుకుపోయాను.

అక్కడ ఒక తొట్టిలో కొరమీనులు, ఇంకొక తొట్టిలో మీసాల చేపలు ప్రాణంతో ఉన్నాయి. కొరమీనును చూడగానే మా వాడు కిందిరెక్క చూసి, తల చూసి, "ఇది నిజమైన స్నేక్‌హెడ్," అన్నాడు. అక్కడ విలన్, ఇక్కడ హీరో! అమెరికాలో చంపవలసిన చుట్టానికి ఇక్కడ రాష్ట్రపు చేపగా గౌరవం. వాడికి నవ్వు వచ్చింది.

తరవాత మీసాల తొట్టి దగ్గిరికి వెళ్ళాం. మన చెరువుల్లో మార్పు అనే మీసాల చేప ఉన్నది. అది మనదే. కాని దాన్ని పోలిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అనేది ఒకటి ఉన్నది. అది మనది కాదు. త్వరగా పెరుగుతుంది, మీటరు దాటి పెరుగుతుంది, దొరికిన ప్రతి చేపనూ మింగుతుంది. చెరువులో పడిందంటే మన చేపలకు చోటుండదు. అందుకని మన దేశంలో 2000లో దాని పెంపకాన్ని నిషేధించారు. అయినా దొంగచాటుగా పెంచేవాళ్ళు ఉన్నారు. అధికారులు పట్టుకుని గోతుల్లో పూడ్పించిన వార్తలు మీరు చదివే ఉంటారు.

"తాతయ్యా, ఇవి మనవేనా?" అని అడిగాడు మా వాడు.

నాలిక చివరిదాకా వచ్చింది, "నాకు తెలియదూ?" అని. మింగేశాను.

"నాకు తెలియదురా. చూద్దాం," అన్నాను.

వాడు నాకేసి చూసి నవ్వాడు. ఇద్దరం తొట్టిమీదికి వంగాం. ఆ రెంటికీ తేడా తల వెనక ఎముకలో ఉన్నది. మన మార్పు చేపకు ఆ ఎముక వెనకకు సన్నగా, మొనదేలి ఉంటుంది. ఆఫ్రికా చేపకు అది వెడల్పుగా, మధ్యలో నొక్కినట్టు, ఇంగ్లీషు "ఎమ్" అక్షరంలాగా ఉంటుంది. ఒంటిమీద బూడిదరంగు మచ్చలు, తెల్లని పొట్ట కూడా ఉంటాయిగాని, రంగును నమ్మకూడదని మనం నేర్చుకున్నాం గదా! తొట్టిలో చేపల ఎముక వెడల్పుగా ఉన్నట్టు తోచింది. అయినా మేము తీర్పు చెప్పలేదు. చేప కొనలేదు. ఫోటో తీసి మత్స్యశాఖవారికి పంపాం.

ఇంటికి వస్తూ మా వాడు, "ఆ ఆఫ్రికా చేప చెడ్డదా తాతయ్యా?" అని అడిగాడు.

ఆఫ్రికాలో దానిపాటికి అది బతుకుతున్నది. అక్కడ దాన్ని తినేవీ ఉన్నాయి, అది తినేవీ ఉన్నాయి. చైనాలో పాముతల చేప కూడా అంతే. చేపకు దేశాలు తెలియవు, నీళ్ళే తెలుసు. దాన్ని ఒక నీటినుంచి ఎత్తి ఇంకొక నీటిలో పడేసేది మనిషి. ఒకడు లాభం కోసం, ఒకడు చెల్లెలికి చారు కోసం, ఒకడు జాలిపడి.

మీలో కొందరి ఇళ్ళలో గాజుతొట్టెల్లో రంగురంగుల చేపలుంటాయి. మా జూబిలీ హిల్స్‌లో చాలా ఇళ్ళలో ఉన్నాయి. చేప పెద్దదై తొట్టె చాలకపోతే, "పాపం, చెరువులో వదిలేద్దాం" అని మీకు అనిపించవచ్చు. వదలకండి. కొన్న దుకాణానికో, పెంచుకునే మరొకరికో ఇవ్వండి. క్రాఫ్టన్ చెరువు కథ కూడా జాలితోనే మొదలయింది.

ఇంకొక మాట. ఈసారి మీకు కొత్త చేపగాని, పిట్టగాని, పాముగాని కనబడి, పక్కన ఎవరైనా "ఇది ఫలానా, కొట్టండి!" అన్నారనుకోండి. ఒక్క నిమిషం ఆగమనండి. తోకమీది కన్ను చూసి తొందరపడవద్దని చెప్పండి. మీ కళ్ళతో ఎముక చూడండి.

మా మనవడి గాలం పెట్టెలో ఇప్పుడు ఒక అట్టముక్క ఉంటుంది. దానిమీద బోఫిన్ బొమ్మ, పాముతల చేప బొమ్మ పక్కపక్కన గీసుకున్నాడు. కింద తెలుగులో, వంకరటింకర అక్షరాలతో, "చెవి చూడు" అని రాసి ఉన్నది. చేపలకు బయటికి కనబడే చెవులుండవని వాడికి తెలుసు. అయినా అలాగే ఉండనిచ్చాడు.